భయమును విక్రయించు విద్య

భయమును ఎవ్వరును కోరరు. అయినను భయపెట్టు చిత్రమునకు జనులు పైకమిచ్చి పోవుదురు. ఈ వింతకు ట్రైలరు అను చిన్న ప్రకటన చిత్రమే ముఖ్య కారణము.

1960 నాటి 'సైకో' ట్రైలరున దర్శకుడు హిచ్‌కాక్ తానే వచ్చి, హత్యలు జరిగిన బసను, దాని వెనుకనున్న మేడను తిప్పి చూపును. ఘోరమును వర్ణింపబోయి నడుమ మాట మింగును. తుదకు స్నానపు గది తెర లాగును. స్త్రీ కేక వినబడును. కథ తెలియదు, కుతూహలము మిగులును. 1979 నాటి 'ఏలియన్' ట్రైలరు సంభాషణమునే విడిచి, పగులు గ్రుడ్డుతోను కర్కశ ధ్వనితోను గుండె నదరించినది. 2009లో 'పారనార్మల్ యాక్టివిటీ' వారు చీకటిశాలలో ఉలికిపడు ప్రేక్షకులనే ముందు నిలిపిరి.

వికృతధ్వని, శూన్యగృహము, అరణ్యము భయానక రసమునకు విభావములని మన నాట్యశాస్త్రము ఏనాడో చెప్పినది. కారణమును చూపి కార్యమును దాచినచో మిగిలినదానిని మన యూహయే పూరించును. ఊహించిన భూతము కన్నులజూచిన భూతముకంటె భయంకరము కదా!

నేడు పెక్కు ట్రైలర్లు కథనంతయు ముందే వెళ్లబోసుకొనుచున్నవి. టికెట్టు కొన్నవానికి ఇక మిగులునదేమి? అన్నము ఉడికినదని తెలుపుటకు ఒక్క మెతుకు చాలును. కుండ గుమ్మరింప నక్కరలేదు.