పాఠశాల నర్సునకు ఉన్నతవిద్య యేల?

కర్ణాటక రాష్ట్రమునందలి తుమకూరు జిల్లా, పావగడ తాలూకా ఆంధ్రదేశపు సరిహద్దు నానుకొని యున్నది. రాయచెర్లు ఈ తాలూకాలోని గ్రామము. ఈ ప్రాంతమున అనేక కుటుంబములకు ఇంటిభాష తెలుగు, పాలనాభాష కన్నడము. ఇచటి భూగర్భజలములలో ఫ్లోరైడు అధికముగా నుండుట చిరకాలముగా తెలిసిన విషయమే. ఇట్టి సీమలో బడిపిల్లవాని పండ్లపై గోధుమవన్నె చారలు కనబడినచో, "పండ్లు తోముకోవా?" యని పెద్దలు గద్దించుట కలదు. కాని ఆ గార తోమిన పోవునది కాదు. దంతము చిగురులో రూపొందునప్పుడే త్రాగునీటిలోని ఫ్లోరైడు దాని పింగాణిపొరను చెఱచును. తప్పు నీటిది, దండన బాలునికి!

ఈ వ్యాధి భారతదేశమున 1937లో మొదటగా గుర్తింపబడినది తెలుగునాటనే, నాటి నెల్లూరు జిల్లాలో. నీటియందు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఎముకలకు సోకిన పిదప దీనిని పూర్తిగా మాన్పు మందు లేదు, నివారణమే శరణ్యము. కనుక బాలుని నోటిలోని గారను చూచి, ఊరి బోరుబావిని శంకింపగల నేర్పు కావలెను. గాయమునకు కట్టుగట్టు విద్యకు ఇది పైమెట్టు.

పాఠశాల నర్సు వృత్తి 1902లో న్యూయార్కు నగరమున రూపుదాల్చెను. అంతకుముందు వైద్యులు అంటురోగములున్న పిల్లలను ఇంటికి పంపివేయుటయే గాని, చికిత్స జరుగుచున్నదో లేదో విచారించువారు లేకుండిరి. లిలియన్ వాల్డ్ ప్రేరణమున లీనా రోజర్స్ అను నర్సు నాలుగు బడులలో పనిచేసి, పిల్లల యిండ్లకు పోయి తల్లులకు శుశ్రూషావిధానము నేర్పెను. ఏడాది తిరుగునప్పటికి గైర్హాజరు మిక్కిలి తగ్గెను. నేడు అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయములు నమోదైన నర్సులకు పాఠశాల నర్సింగునందే స్నాతకోత్తర విద్య గఱపుచున్నవి.

మనదేశమున 1946లో ఢిల్లీ, వేలూరు నగరములలో నర్సింగు పట్టభద్ర విద్యయు, 1959లో ఢిల్లీలో స్నాతకోత్తర విద్యయు ఆరంభమైనవి. నేటి ఎమ్మెస్సీ నర్సింగు రెండేండ్ల చదువు. బీఎస్సీ నర్సింగు ముగించి, నమోదు పొంది, ఒక సంవత్సరము అనుభవము గడించినవారు ఇందులకు అర్హులు. పాఠశాలారోగ్యము ఇందు ప్రత్యేకశాఖ కాదు. సామాజికారోగ్య నర్సింగులో ఒక భాగము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము ననుసరించి సంచార వైద్యబృందము ప్రభుత్వ పాఠశాలను ఏటికొకసారి దర్శించును. అందొక నర్సు ఉండును. కాని ఒక్కనాటి పరీక్షకును, ఏడాదిపొడుగున కనిపెట్టి యుండుటకును భేద మెంతయో కలదు.

భాష సంగతియు తక్కువది కాదు. తెలుగు బిడ్డ "కండ్లు తిరుగుతున్నాయి" అన్నప్పుడు, ఆ నుడి యెఱుగని నర్సు కన్నులనే పరీక్షింపవచ్చును. బిడ్డ చెప్పినది తలతిప్పు. అది రక్తహీనతకు గుర్తు కావచ్చును. కావున సరిహద్దుసీమల పాఠశాలలకు నర్సులను సిద్ధపఱచు ఉన్నతవిద్యలో నీటిపరీక్ష, బాలవ్యాధుల గణనము, గృహసందర్శనము అను వానితోపాటు బిడ్డ యింటిభాషయు పాఠ్యాంశము కావలెను. అట్టి నర్సు బడిలో నున్ననాడు గారపండ్ల బాలుడు తలవంచుకొని నిలువ నక్కఱలేదు. వాని ఊరికి మంచినీరు కావలెనను మాటకు సాక్ష్యమును దొరకును.