కంటి పొడవు, అద్దం అంకె

“సైటు ఎంత?” అని అడిగితే మనం చెప్పే మైనస్ రెండో, మైనస్ ఆరో నిజానికి కంటి కొలత కాదు, ఆ కంటికి కావలసిన అద్దం కొలత. మైనస్ 2 డయాప్టర్లంటే అద్దం లేని కంటికి అర మీటరు వరకే స్పష్టత. మైనస్ 4 అయితే పావు మీటరు. ఆ అంకె వెనుక ప్రధానంగా మూడు కొలతలున్నాయి: కంటిగుడ్డు ముందునుంచి వెనుకకు ఉన్న పొడవు, కార్నియా వంపు, లోపలి కటకపు శక్తి.

పుట్టిన బిడ్డ కంటి పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 24కు అటూ ఇటూ. పెద్దవారిలో ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగితే దాదాపు రెండున్నర డయాప్టర్ల హ్రస్వదృష్టి వస్తుంది. అయినా పొడవొక్కటే తీర్పు చెప్పదు. కార్నియా చదునుగా, వంపు వ్యాసార్ధం 8.2 మి.మీ. ఉంటే, 25 మి.మీ. కంటికి కూడా అద్దాలు అక్కరలేకపోవచ్చు. వ్యాసార్ధం 7.5 అయితే 24 మి.మీ. కన్నే దూరపు బోర్డు చదవలేకపోవచ్చు. అందుకే పరిశోధకులు పొడవును వ్యాసార్ధంతో భాగిస్తారు. ఫలితం 3 దగ్గర ఉంటే సాధారణ దృష్టి. అది పెరిగేకొద్దీ హ్రస్వదృష్టి.

సజీవమైన కంటి పొడవును కొలిచేదెలా? స్వీడన్‌లోని ఉప్సాలాలో స్టెన్‌స్ట్రోమ్ 1940లలో ఎక్స్-కిరణాలను వాడాడు. చీకటికి అలవాటుపడిన కంటికి పక్కనుంచి పంపిన పలుచని ఎక్స్-కిరణం వెలుగు వలయంలా కనిపిస్తుంది. కిరణాన్ని వెనక్కి జరిపేకొద్దీ వలయం కుంచించుకుపోయి, చుక్కై, మాయమవుతుంది. కన్ను అక్కడితో ముగిసినట్టు! ఇలా సుమారు వెయ్యి కళ్ళను కొలిచాడు. ఆ సాహసాన్ని నేడెవరూ అనుమతించరు. ఇప్పుడా పనిని కంటిని తాకకుండానే పరారుణ కాంతి క్షణాల్లో చేస్తుంది.

1957లో ఆర్నాల్డ్ సార్స్‌బీ బృందం ఒక ముఖ్యమైన సంగతి తేల్చింది. దోషం 4 డయాప్టర్ల లోపైతే, సాధారణంగా ఏ కొలతకా కొలత మామూలుగానే ఉంటుంది. వాటి మధ్య పొంతనే కుదరదు. అంతకు మించితే మాత్రం ప్రధాన కారణం పొడవే.

లేజర్ చికిత్స చదును చేసేది కార్నియాను, పొడవును ముట్టుకోదు. మైనస్ 8 ఉన్నవారు చికిత్స తరువాత అద్దాలు లేకుండా కారు నడపవచ్చు. కాని 27 మి.మీ. కన్ను 27గానే ఉంటుంది, సాగిన రెటీనా చిరిగే ప్రమాదమూ అలాగే ఉంటుంది. “సైటు పోయింది” అని పరీక్షలు మానేయడం పొరపాటు. హైదరాబాదులో చికిత్స చేయించుకుని అమెరికా వచ్చినవారి విషయంలో మరో చిక్కుంది. ఇక్కడి వైద్యునికి కనిపించేది సున్నా మాత్రమే. రేపు శుక్లాల ఆపరేషన్‌లో అమర్చే కటకపు శక్తిని లెక్కించడానికి పాత కొలతలు ఎంతో ఉపకరిస్తాయి. ఆ చీటీ పారేయకుండా దాచుకోవాలి.