సాగర్ నీటి అడుగున ఇక్ష్వాకుల రాజధాని
ఒక్క రోజులో చూసి రాదగిన నాగార్జునకొండ

మాచర్ల: పల్నాటి రైతు మడికి వచ్చే సాగర్ నీరు ఒక రాజధాని మీదుగా వస్తున్నది. ఇప్పటికి సుమారు 1,700 సంవత్సరాల క్రిందట ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి నగరం ఆ జలాశయం అడుగున ఉన్నది. మునగకుండా మిగిలినదాన్ని నాగార్జునకొండ మీద, అనుపులో చూడవచ్చు. ఉదయం బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

మాచర్ల నుండి విజయపురి సౌత్ పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడి రేవు నుండి కొండకు లాంచీలో సుమారు 11 కిలోమీటర్ల ప్రయాణం. నీటిమట్టాన్ని, గాలిని బట్టి లాంచీలు ఆపివేసే రోజులుంటాయి. కాబట్టి ముందుగా విచారించుకొని బయలుదేరడం మేలు. శుక్రవారం మ్యూజియంకు సెలవు.

బడిపంతులు చూసిన స్తంభం

ఇప్పుడు దీవిగా కనిపించే ఈ కొండ ఒకప్పుడు లోయ మధ్య నిలిచిన కొండ. మూడు వైపుల నల్లమల గుట్టలు, నాలుగో వైపు కృష్ణానది. శత్రువు రావడం కష్టం, నీటికి కొదవ లేదు. అందుకే శాతవాహనుల తరువాత వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు ఇక్కడ రాజధాని నెలకొల్పాడు. ఆయన అశ్వమేధం చేసిన రాజు. కుమారుడు వీరపురుషదత్తుని కాలంలో లోయ నిండా బౌద్ధ స్తూపాలు, విహారాలు లేచాయి. తరువాతి రాజు ఎహువుల శాంతమూలుని నాడు దేవాలయాలూ వెలిశాయి.

ఆ వైభవమంతా మట్టిలో కలిసిపోయింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక పాత స్తంభాన్ని చూసి ఊరుకోక మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసన పరిశోధన శాఖ నుండి సరస్వతిగారు వచ్చి చూశారు. ఆ తరువాత 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు జరిపించాడు.

నీటితో పోటీ

1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఈ ప్రాజెక్టు కోసం ముక్త్యాల రాజా వంటివారు ఎంతో పాటుపడ్డారు. వానల మీదనే ఆధారపడిన మెట్ట రైతులకు అది ప్రాణాధారం. అయితే ఆనకట్ట లేస్తే లోయ మునగక తప్పదు. లోయలోని పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు ఖాళీ కావలసి వచ్చింది. అటు అన్నం, ఇటు చరిత్ర. అన్నానికే మొగ్గు చూపారు. కాదనగలవారెవరు?

చరిత్రను మాత్రం పూర్తిగా వదిలివేయలేదు. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో, నీరు రాకముందే లోయనంతా తవ్వి చూశారు. నూరుకు పైగా స్థలాలు బయటపడ్డాయి. వాటిలో తొమ్మిది కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీదికి చేర్చి తిరిగి నిలబెట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు కట్టారు. మిగిలిందంతా నీటిపాలయింది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి, ఎడమ కాలువల క్రింద ఆయకట్టు సుమారు 22 లక్షల ఎకరాలు.

కొండ మీద చూడవలసినవి

లాంచీ దిగి ముందుగా మ్యూజియం చూడడం మంచిది. మునిగిన లోయ నమూనా అక్కడ ఉన్నది. దాన్ని చూస్తే ఏ కట్టడం ఎక్కడ ఉండేదో తెలుస్తుంది. బుద్ధుని జీవిత కథలు, జాతక కథలు చెక్కిన ఫలకాలు, నిలువెత్తును మించిన బుద్ధ విగ్రహం ఆగి చూడదగినవి. ఆ రాయి పరదేశం నుండి తెచ్చింది కాదు. మన పల్నాటి సున్నపురాయే. యుద్ధంలో పడిపోయిన వీరుల పేర నాటిన ఛాయా స్తంభాలు కూడా ఉన్నాయి. ఊళ్లలోని వీరగల్లులు చూసినవారికి వాటి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తరువాత మహాచైత్యం. ఇది బండి చక్రం మాదిరి, నడుమ కుండ, చుట్టూ ఆకులు ఉన్నట్లు కట్టిన పునాది. తవ్వకంలో ఇందులో బంగారు భరిణెలో చిన్న ఎముక ముక్క దొరికింది. బుద్ధుని ధాతువుగా భావించిన దానిని 1932లో సారనాథ్‌లోని విహారంలో ఉంచారు. ఈ చైత్యాన్ని నిలిపింది శాంతమూలుని సోదరి చాంతిసిరి. ఆమె వీరపురుషదత్తునికి మేనత్త, అత్తగారు కూడా. మేనత్త కూతుళ్లను చేసుకోవడం ఆనాటి రాజుల ఇంటా ఉన్న ఆచారమే.

బోధిసిరి అనే ఉపాసిక కథ ఇంకా గొప్పది. ఆమె రాణి కాదు, గృహస్థురాలు. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. మండపం, చెరువు కూడా ఆమె దానాలలో ఉన్నవి. కాశ్మీరం, గాంధారం, చీనా వంటి దేశాలలో ధర్మం ప్రచారం చేసిన భిక్షువుల ప్రస్తావన ఆ శాసనంలో కనిపిస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ లోయకు అంత దూరాలతో సంబంధం ఉన్నదన్నమాట. రాతిపలకల స్నానఘట్టం, అంతకంటె పాతదైన రాకాసి గుడిని కూడా కొండ మీదనే తిరిగి అమర్చారు.

అనుపు, ఎత్తిపోతల

మధ్యాహ్నం తిరిగి వచ్చాక అనుపు వెళ్లాలి. లోయలోని రంగస్థలాన్ని ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. నడుమ దాదాపు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు గల బయలు, చుట్టూ మెట్లు. ఆటలకూ పోటీలకూ జనం కూర్చున్న చోటు ఇది. హారతీ దేవి గుడి కూడా ఇక్కడ చూడవచ్చు. పొద్దు ఉంటే చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుండి దూకే ఎత్తిపోతల చూసుకొని మాచర్ల దారి పట్టవచ్చు.

పిల్లలను వెంట తీసుకుపోవాలి. శిల్పాలను తాకనీయరాదు, రాళ్లపై పేర్లు గీకనీయరాదు.

పొలం దున్నేటప్పుడు బొమ్మ రాయి, అక్షరాల రాయి, పాత నాణేలు బయటపడడం మన ఊళ్లలో కొత్త కాదు. కొన్ని చాకిరేవు బండలవుతున్నాయి, కొన్ని పునాదులలోకి పోతున్నాయి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన విలువైన వస్తువులను కలెక్టరుకు తెలపాలి. అక్షరాలున్న రాయి కనిపిస్తే తహసీల్దారుకుగాని పురావస్తు శాఖకుగాని చెప్పాలి. వారు వచ్చేదాకా దానిని కదిలించరాదు. రాయి ఏ దిక్కుగా, ఎంత లోతులో ఉన్నదన్నది కూడా చరిత్రకారులకు ఆధారమే.