బేకన్ కరకరలాడాలంటే... మేత నుంచే జాగ్రత్త

ఇంగ్లండు, అమెరికా దేశాల్లో పొద్దుటి ఫలహారంలో కోడిగుడ్ల పక్కన వడ్డించే పంది మాంసం బద్దల పేరు బేకన్. మన దగ్గర పెద్ద హోటళ్లలో, నగరాల్లోని కొన్ని దుకాణాల్లో దొరుకుతుంది. కృష్ణా జిల్లా గన్నవరంలో ఒకప్పుడు బేకన్ ఫ్యాక్టరీయే ఉండేదని పాతతరం పెంపకందారులకు తెలుసు. సీమ పందులు పెంచే చిన్న రైతులు చాలావరకు పందిని బతికుండగానే తూకానికి అమ్మేస్తారు. ఆ మాంసం వంటింట్లో ఎలా వేగుతుందో చూసే అవసరం వాళ్లకు రాదు. చూస్తే మాత్రం పంది ఏం తిని పెరిగిందో ఓవెన్ ట్రేలోనే తెలిసిపోతుంది.

బేకన్‌కు ముఖ్యంగా పొట్ట భాగం వాడతారు. ఇంగ్లండులో వీపు భాగం కూడా వాడతారు. ఉప్పు, కాస్త పంచదార, కొలత ప్రకారం నైట్రైట్ పట్టించి కొన్ని రోజులు చల్లని చోట ఉంచి, తర్వాత పొగ పట్టిస్తారు. నైట్రైట్ ఎక్కువైతే విషం. ఇంట్లో కంటి అంచనాతో కలిపే పని ఎవరూ పెట్టుకోవద్దు. ఇలా తయారైన పలకను పల్చగా, పొడుగ్గా కోస్తే బద్దకు ఒక చార ఎర్ర కండ, ఒక చార తెల్ల కొవ్వు కనబడతాయి.

కరకరలాడటం ఎలా వస్తుందంటే, ముందు కండలో నీరు ఆవిరైపోవాలి, కొవ్వు నెమ్మదిగా కరిగి దిగిపోవాలి. మంట ఒక్కసారిగా పెంచితే కండ మాడుతుంది, కొవ్వు మాత్రం జిగురుగా మిగులుతుంది. పెనం మీద మధ్యలో వేడి ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఓవెన్‌లో వేడి నాలుగు వైపుల నుంచి సమానంగా తగులుతుంది కాబట్టి బద్ద వంకర తిరగదు, తిప్పి వేసే పనీ ఉండదు.

అంచులున్న ట్రేలో బద్దలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఒకే వరసలో పేర్చాలి. నూనె అక్కర్లేదు, దాని కొవ్వే చాలు. చల్లటి ఓవెన్‌లోనే ట్రే పెట్టి 200 డిగ్రీల సెంటీగ్రేడుకు తిప్పాలి. పల్చటి బద్దలు 15 నుంచి 20 నిమిషాల్లో అవుతాయి, మందమైతే ఇంకో 5 నిమిషాలు. చివరి నిమిషాల్లో పక్కనే ఉండాలి, రంగు ఇట్టే మారిపోతుంది. బంగారు రంగు దాటకముందే తీసి కాగితం మీద వేస్తే చల్లారేకొద్దీ గట్టిపడి కరకరలాడుతుంది. నల్లగా మాడనివ్వకూడదు. నైట్రైట్ ఉన్న మాంసం మాడితే హానికరమైన పదార్థాలు పుడతాయి. ఇలా నిల్వకు తయారుచేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో చెప్పింది కూడా. ఎప్పుడైనా ఒకసారి తినాల్సిందే గాని రోజూ కాదు. రక్తపోటు ఉన్నవారికి ఆ ఉప్పే ఎక్కువ.

ఇక ట్రే వైపు చూడండి. తెల్లటి నురగ, నీరు తేలితే ఉప్పునీరు సూదులతో ఎక్కించి బరువు పెంచిన సరుకన్నమాట. అది ఉడుకుతుందే గాని వేగదు. ఈ తప్పు తయారీదారుడిది. కోసేటప్పుడే కొవ్వు మెత్తగా జారి కత్తికి అంటుకుంటే మాత్రం తప్పు మన మేతది. నూనె తీయని తవుడు, వేరుసెనగ చెక్క, హోటల్ ఎంగిలిలోని నూనె ఎక్కువగా తిన్న పంది కొవ్వు మెత్తబడుతుంది, నిల్వలో త్వరగా ముక్కిపోతుంది. అమ్మకానికి ముందు రెండు నెలలు నూనె తీసిన తవుడు, జొన్నలు, నూకలు, ఎండిన కర్రపెండలం ముక్కలకు మారితే కొవ్వు గట్టిపడుతుంది. చేపల వ్యర్థాలు కూడా అప్పుడే మానేయాలి, లేకపోతే మాంసానికి నీచు వాసన తప్పదు.

బద్దలో కండ కనపడక అంతా కొవ్వే ఉంటే పందిని ఎక్కువ కాలం ఉంచారని అర్థం. లార్జ్ వైట్ యార్క్‌షైర్ పందులను 90 కిలోల దగ్గర అమ్మేయడం మంచిది. ఆపైన తిన్న మేత కండకంటే కొవ్వుకే ఎక్కువ పోతుంది. మేత ఖర్చేమో మనది, ఆ కొవ్వుకు పైసా అదనంగా ఇచ్చేవాడు లేడు.

ఊరమీద తిరిగే పంది మాంసంలో సగ్గుబియ్యం గింజల్లాంటి బొబ్బలు కనిపిస్తే అసలు వాడకూడదు. అవి బద్దె పురుగు పిల్లలు. సరిగా ఉడకకుండా తింటే మనిషి పేగులో పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలోని గుడ్లు చేతులు, నీళ్లు, కూరగాయల ద్వారా నోట్లోకి చేరితే మెదడుకెక్కి మూర్ఛలు తెప్పిస్తాయి. పందిమాంసం ముట్టనివారికి కూడా ఈ జబ్బు వచ్చేది అందుకే. పందులను దొడ్డిలో కట్టడి చేసి, ఇంటిల్లిపాదీ మరుగుదొడ్డి వాడితే ఈ చక్రం తెగుతుంది. ఉప్పు పట్టించాం, పొగ పెట్టాం కదా అని పచ్చిగా తినవద్దు.

పల్లెలో ఓవెన్ ఎవరింట్లో ఉందని అడగవచ్చు. మందపాటి పెనం చాలు. చల్లటి పెనం మీదే బద్దలు పరిచి సన్న సెగ పెట్టి, రెండు మూడుసార్లు తిప్పాలి. దిగిన కొవ్వును వడకట్టి స్టీలు డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే కోడిగుడ్డు అట్టుకు, బంగాళాదుంప వేపుడుకు పనికొస్తుంది.