బార్న్ హిల్ మీద ఒంగోలు

వెంబ్లీ పార్క్ స్టేషన్ దిగి ఉత్తరానికి కాసేపు నడిస్తే ఇళ్ల వరుసలు అయిపోయి చెట్లు మొదలవుతాయి. అదే బార్న్ హిల్. ఎత్తు 86 మీటర్లు. మన వైపైతే గుట్ట అంటాం. 1793లో హంఫ్రీ రెప్టన్ అనే తోటల రూపశిల్పి ఇక్కడ చెట్లు నాటించాడు. పైన చిన్న మడుగు ఉంది. రాత్రి వాన పడిందేమో, లండన్ బంకమట్టి బూట్లకు పట్టుకుని అడుగడుక్కీ బరువెక్కుతోంది. మా పిన్ని మాత్రం చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని నాకన్నా ముందు నడుస్తోంది. పుట్టింది ఒంగోలు. వెంబ్లీ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఈ కొండెక్కడం ఆమెకు అలవాటు.

"ఆయాసమొస్తందా రా?"

"లేదు పిన్నీ."

"కొండ మీద అబద్ధమాడకు."

పైకి చేరి దక్షిణం వైపు చూస్తే స్టేడియం ఆర్చి కనిపిస్తుంది. నేల నుంచి 133 మీటర్లు. ప్రపంచానికి వెంబ్లీ అంటే అదే. ఆ స్టేడియం ఉన్న చోట అంతకుముందు ఇంకో కట్టడం ఉండేదని చాలామందికి తెలియదు. 1889లో పారిస్‌లో ఈఫిల్ టవర్ లేచాక, మెట్రోపాలిటన్ రైల్వే అధిపతి ఎడ్వర్డ్ వాట్కిన్ అంతకన్నా ఎత్తైనది వెంబ్లీలో నిలబెడతానని పూనుకున్నాడు. మొదటి అంతస్తు దాకా, అంటే సుమారు 47 మీటర్లు లేచింది. 1896లో జనాన్ని ఎక్కించారు. కింద నేల మెత్తన. కాళ్లు కుంగాయి, డబ్బు అయిపోయింది. 1902లో మూసేశారు, 1907లో మందుగుండు పెట్టి కూల్చేశారు. ఇప్పటి స్టేడియం కోసం తవ్వినప్పుడు ఆ టవర్ కాంక్రీటు పునాదులు మళ్లీ బయటపడ్డాయి.

ఈ కథ విన్న ఏ క్రైస్తవుడికైనా బాబెలు గుర్తుకొస్తుంది. కానీ ఆదికాండములో నన్ను ఆపేది గోపురం కూలిన సంగతి కాదు, దాన్ని కట్టిన చోటు. షీనారులో వాళ్లకు దొరికింది మైదానం. కొండ లేని చోట ఇటుకలతో కొండను చేసుకోవాలనుకున్నారు. దేవుడు మనిషితో మాట్లాడిన కొండల్లో ఒక్కదాన్నీ ఎవరూ కట్టలేదు. అబ్రాహాముకు మోరీయా చూపించాడు. మోషేను సీనాయికి పిలిచాడు, నలభై రోజులు ఉంచుకున్నాడు, తర్వాత కిందికి పంపాడు. కింద దూడ సిద్ధంగా ఉంది. ఏలీయా హోరేబుకు చేరితే గాలి వీచింది, భూమి కంపించింది, నిప్పు వచ్చింది. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత వినబడిన మెల్లని స్వరంలో ఉన్నాడు. నెబో కొండ మీద నుంచి మోషే వాగ్దాన దేశమంతా కళ్లారా చూశాడు, అడుగు మాత్రం పెట్టలేదు. కొడుకుల చదువు కోసం దేశం దాటి, తన ఊరిని ఫోన్ తెరమీదే చూసుకునే మా పిన్ని వయసు వాళ్లతో నెబో గురించి మాట్లాడి చూడండి, వాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

రూపాంతర కొండ మీద పేతురు అడిగింది మనందరి కోరికే. మూడు పర్ణశాలలు వేసుకుని ఇక్కడే ఉండిపోదామన్నాడు. ఉండనివ్వలేదు. మర్నాడు దిగేసరికి ఒక తండ్రి, మూర్ఛతో కొట్టుకుంటున్న తన ఒక్కగానొక్క కొడుకు. ఎక్కిన ప్రతి కొండ కిందా ఇలా ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు. కొండ ఎక్కడం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. దిగడం గురించి చెప్పినవాళ్లు తక్కువ.

పడమర వైపు హారో కొండ. దాని మీది సెయింట్ మేరీస్ చర్చిని 1094లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ ప్రతిష్ఠించాడు. హారో అన్న పేరుకు మూలం 'హెయార్గ్' అనే పాత ఇంగ్లీషు మాట. అన్యదేవతల గుడి అని అర్థం. 767 నాటి పత్రంలోనే ఆ పేరుంది. ఇశ్రాయేలు రాజుల కాలంలో ప్రవక్తలు మండిపడ్డ 'ఉన్నత స్థలములు' ఇలాంటివే. మన ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద కనిపించే 121వ కీర్తనను ఈ వెలుగులో చదవాలి. యాత్రికుడు కొండల వైపు చూసి సహాయం ఎక్కడిదని అడుగుతాడు. జవాబులో కొండ లేదు, దాన్ని చేసినవాడు ఉన్నాడు.

"మా ప్రార్థన కొండ ఇంకొంచెం ఎత్తుగా ఉండేది" అంది పిన్ని బెంచీ మీద కూర్చుంటూ. 1854 జనవరి 1, తెల్లవారుజామున ఒంగోలులో ఆ కొండెక్కినవాళ్లు అయిదుగురు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, నెల్లూరు జూలియా, రూతు, క్రిస్టియన్ నర్సు అనే పేరుగల స్థానిక విశ్వాసి. కింద ఊరు చూసుకుని, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. పన్నెండేళ్లకు, 1866లో జాన్ క్లౌ వచ్చాడు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న, ఒక్కరోజే, గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బావి దగ్గరికి రానివ్వని మాదిగలు.

కింద ఇప్పటి స్టేడియం చోటే ఉన్న పాత స్టేడియంలోనూ పెద్ద కూడికలు జరిగాయి. 1954 మే 22న బిల్లీ గ్రాహం మాట్లాడాడు, 1982 మే 29న రెండో జాన్‌పాల్ పోపు పూజ చేశారు. పిన్నికి అవేవీ పట్టవు. సమరయ స్త్రీ ఆరాధనకు ఏ కొండ సరైనదని అడిగితే, ఈ కొండా కాదు, యెరూషలేమూ కాదన్న ప్రభువు మాట ఆమెకు చాలు. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, కింద కనిపించే వీధుల కోసం తెలుగులో ప్రార్థన మొదలుపెట్టింది. వీసా గడువు దగ్గరపడ్డ కుర్రాడు. ఈలింగ్ రోడ్డు షాపులో పని పోయిన తండ్రి. రాత్రి డ్యూటీ నర్సు.

ఆమేన్ అన్నాక లేచింది. "పద, చీకటి పడతంది. ఆ పిల్ల డ్యూటీకి పోయే లోపల పులిహోర డబ్బా ఇవ్వాల." దిగేటప్పుడు జారకుండా నా చెయ్యి పట్టుకుంది.