అడిగే దిక్కు లేనిచోట ఓపెన్ సోర్స్: అపోహలు – వాస్తవాలు

కొత్తగూడెం, పాల్వంచ కాలేజీల్లో కంప్యూటర్లు చదివి, సెలవులకు చర్ల, దుమ్ముగూడెం వైపు ఇళ్ళకు చేరే పిల్లలకు ఓపెన్ సోర్స్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని ఎలా వాడాలో, ఎక్కడ ఆగిపోతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళే దొరకరు. ఇది నిజమైన కష్టమే. 2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో 93 శాతం మంది అరకొర, పాతబడిన డాక్యుమెంటేషన్ సమస్య తమకు ఎదురైందన్నారు. ఆ సర్వేలోనే, కోడ్‌కు సాయపడేవాళ్ళలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్ జోలికి ఎప్పుడో తప్ప పోమని ఒప్పుకున్నారు. లోపం ఉంది, కాదనలేం. కానీ దానికి మనం చెప్పుకునే కారణాలు చాలావరకు తప్పు.

అపోహ: ఉచితంగా వచ్చింది కాబట్టే వివరాలుండవు, డబ్బు పెట్టి కొంటే ఈ బాధ ఉండదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మాన్యువల్ వేల పుటలుంటుంది, చక్కగా ఉంటుంది, ఉచితం. వెబ్‌సైట్లు తయారుచేసే జాంగోలో కొత్త సదుపాయం చేర్చాలంటే కోడ్‌తో పాటు దాని వివరణ కూడా రాసివ్వాల్సిందే. ఇక డబ్బు పెట్టి కొన్నదాని సంగతి తెలుగువాళ్ళకు బాగా గుర్తుండాలి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొత్త వెర్షన్ విడుదల చేసేదాకా బయటివాళ్ళు దాన్ని సరిచేయలేకపోయారు, ఎందుకంటే ఆ కోడ్ వాళ్ళకు కనబడదు. ఓపెన్ సోర్స్‌లో మాన్యువల్ లేకపోయినా సోర్స్ మిగిలి ఉంటుంది, ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో చరిత్రా ఉంటుంది.

అపోహ: కోడ్ శుభ్రంగా రాస్తే వివరణతో పని లేదు.

ఈ మాట అనుభవజ్ఞుల నోటే ఎక్కువగా వినబడుతుంది, అందుకే ఎక్కువ చేటు చేస్తుంది. మన తెలంగాణ–ఆంధ్ర సరిహద్దు సంగతే తీసుకోండి. చింతూరు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. ఆ ఏడాది భద్రాచలం తాలూకాతో పాటు ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించినప్పుడు మళ్ళీ తూర్పు గోదావరికి వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. దాని పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.

ఒక ప్రోగ్రాంలో చింతూరుకు ఎదురుగా ఖమ్మం అని ఉందనుకుందాం. అది ఎంత శుభ్రమైన కోడైనా, ఆ మాట ఏ ఏడాది లెక్క ప్రకారం రాశారో, పాత రికార్డులు చదవడానికి కావాలనే ఉంచారో, మార్చడం మరిచిపోయారో చెప్పలేదు. పక్కన ఒక వాక్యం, ఒక తేదీ ఉంటే తరవాత వచ్చినవాడు భయం లేకుండా దిద్దుతాడు. లేకపోతే ముట్టుకోడు, లేదా ముట్టుకుని చెడగొడతాడు. కోడ్ ఏం చేస్తుందో కోడే చెబుతుంది. ఎందుకు అలా చేస్తుందో రాసినవాళ్ళే చెప్పాలి.

అపోహ: అడిగినవాళ్ళకు జవాబివ్వడం తయారుచేసినవాళ్ళ బాధ్యత.

ఎలాంటి హామీ లేదని ఈ సాఫ్ట్‌వేర్ల లైసెన్సుల్లోనే రాసి ఉంటుంది. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం చూడండి. లైనక్స్ యంత్రాల్లో విరివిగా వాడే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒకే ఒక్క స్వచ్ఛంద నిర్వాహకుడు చూసుకునేవాడు. పని నెమ్మదిగా సాగుతోందని కొన్ని ఖాతాల నుంచి ఆయన మీద ఒత్తిడి పెరిగింది. చేయూతనిస్తానంటూ వచ్చిన వ్యక్తికి ఆయన అధికారమిచ్చాడు, ఆ వ్యక్తే సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టాడు. జవాబు ఆలస్యమైందని నిర్వాహకుణ్ణి నిలదీసే ముందు ఇది తలచుకోవాలి. వాడిన వెర్షన్, ఇచ్చిన ఆదేశం, తెరమీద వచ్చిన పొరపాటు సందేశం యథాతథంగా రాసి అడిగితే, ఓపిక ఉన్నవాళ్ళు చాలామందే పలుకుతారు.

అపోహ: నెట్ లేకపోతే ఓపెన్ సోర్స్ నేర్చుకోలేం.

అడవి అంచు గూడేల్లో సిగ్నల్ నిలవదు, నిజమే. కానీ వివరాల్లో చాలాభాగం యంత్రంలోనే ఉంచుకోవచ్చు. లైనక్స్‌లో మ్యాన్ అని టైపు చేసి, పక్కన ఆదేశం పేరు రాస్తే దాని వివరణ తెరుచుకుంటుంది. పైథాన్ డాక్యుమెంటేషన్ మొత్తాన్నీ టౌన్లో ఉన్నప్పుడే దించుకుని ఇంటికి తీసుకెళ్ళొచ్చు. నెట్ లేకుండా చదివించే కివిక్స్ అనే యాప్ ఉంటే తెలుగు వికీపీడియా పెన్‌డ్రైవ్‌లో పడుతుంది.

అపోహ: డాక్యుమెంటేషన్ నిపుణులే రాయాలి, అదీ ఇంగ్లీషులోనే.

పైథాన్ డాక్యుమెంటేషన్ జపనీస్, కొరియన్, ఫ్రెంచ్ భాషల్లో ఉంది. లైనక్స్ కెర్నెల్ పత్రాలకు ఇటాలియన్, చైనీస్ అనువాదాలున్నాయి. అక్కడ పనిచేసినవాళ్ళలో స్వచ్ఛందంగా కూర్చుని రాసినవాళ్ళే ఎక్కువ. తెలుగులోనూ ఆ పనికి మనుషులున్నారు. 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ విద్యార్థులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు నడిపిస్తోంది.

నిపుణుడికి ఏది కష్టమో గుర్తుండదు. నిన్న రాత్రి ఇన్‌స్టాలేషన్‌లో ఇరుక్కుని, ఈ పొద్దున బయటపడ్డ రెండో ఏడాది విద్యార్థికి అది స్పష్టంగా తెలుసు. కోయ మాట్లాడే ఇంట్లో పుట్టి, తెలుగులో చదివి, ఇంగ్లీషు మాన్యువల్ ముందు కూర్చున్న అమ్మాయికి ఇంకా బాగా తెలుసు. ఆమె ఇరుక్కున్న మెట్టు, అప్పటి వెర్షన్, తేదీ, దాటిన దారి తెలుగులో నాలుగు వాక్యాలుగా రాసి ప్రాజెక్టుకు పంపవచ్చు. దానికి ప్రోగ్రామింగ్ పెద్దగా రానక్కర్లేదు. తప్పుంటే దిద్దుతారు, సరిగా ఉంటే చేర్చుకుంటారు.