నొప్పి లేని దెబ్బ

ఆటలాడే పిల్లలకు భుజం నొప్పి వస్తే కండ పట్టిందనో, బెణికిందనో అనుకొని నూనె రాసి కాపడం పెడతాం. చాలాసార్లు దానితోనే తగ్గిపోతుంది. కాని భుజం చుట్టూ ఉన్న నరాలు దెబ్బతింటే కాపడాలకు లొంగవు. ఒక్కోసారి అసలు నొప్పే ఉండదు.

బరంపురంలో వాలీబాల్ ఆడే మా మేనల్లుడి సంగతి అంతే. ఆట బాగానే సాగుతోంది. ఒకరోజు చొక్కా విప్పితే మా అక్కయ్య చూసింది, కుడి రెక్క ఎముక మీద గుంట! నేను బ్యాంకు పద్దులు చూసుకునేవాణ్ణే గాని డాక్టరును కాను. వాడి వెంట ఆసుపత్రికి తిరిగి తెలుసుకున్నవీ, చదివినవీ చెబుతాను.

మెడ దగ్గర పుట్టి, రెక్క ఎముక నొక్కుల గుండా వెళ్లే నరం పేరు సుప్రాస్కాపులర్. చెయ్యి ఎత్తడానికి, బయటికి తిప్పడానికి తోడ్పడే రెండు కండరాలు దాని అధీనంలో ఉంటాయి. వేలసార్లు సర్వీసులు, స్మాష్‌లు కొట్టేసరికి ఆ నొక్కు దగ్గర నరం సాగి నలుగుతుంది. 1985 ఐరోపా ఛాంపియన్‌షిప్‌లో 96 మంది మేటి వాలీబాల్ ఆటగాళ్లను పరీక్షిస్తే 12 మందికి, నొప్పి లేకుండానే, కొట్టే చేతివైపు ఒక కండ క్షీణించి ఉంది. మిగతా కండరాలు సర్దుకుంటాయి గనుక లోపం బయటపడదు.

ఇలాంటివే మరి రెండు. భుజం గూడు తప్పినప్పుడు ఆక్సిలరీ నరం దెబ్బతింటే జబ్బ బయటివైపు మొద్దుబారుతుంది, చెయ్యి పక్కకు ఎత్తడం కష్టమవుతుంది. పక్కటెముకల మీదుగా దిగే లాంగ్ థొరాసిక్ నరం దెబ్బతింటే, గోడను నెట్టినప్పుడు రెక్క ఎముక వెనక్కు పొడుచుకొస్తుంది.

మావాడికి ఇ.ఎం.జి., ఎం.ఆర్.ఐ. పరీక్షలు చేశారు. నీటితిత్తి నరాన్ని నొక్కుతుంటే ఆపరేషన్ అవసరం కావచ్చు. వీడికి అది లేదు. స్మాష్‌లు మాన్పించి వ్యాయామాలు నేర్పారు. బాగా దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే. అందుకే నెలల తరబడి ఓపిక పట్టాలి.

"స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చేజారదా మామయ్యా?" అని వాడి బెంగ. తోసిపుచ్చేది కాదు. అయినా ఒక సీజను పోతే మరోటి వస్తుంది. కండ పూర్తిగా కరిగాక తిరిగి రావడం కష్టం.

మీ పిల్లలు చెయ్యి విసిరే ఆటలు ఆడుతుంటే, నెలకొకసారి వెనక నిలబడి రెండు భుజాలనూ పోల్చి చూడండి. తేడా కనిపిస్తే నొప్పి కోసం ఎదురుచూడక ఎముకల డాక్టరుకు చూపించండి.